గొంతుకు రెండు వారాల సెలవు

సికింద్రాబాద్‌లో ఒక చిన్న చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో ఇరవై మూడేళ్లు పనిచేశాను. మెట్టుగూడ పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగితే రెండంతస్తుల ఇల్లు. కింద ఆసుపత్రి, పైన డాక్టరు గారి కాపురం. ఆయనకు డెబ్బై దాటాక బోర్డు దించేశారు. అప్పటికి నాకు యాభై రెండు. వేరేచోట చేరమని ఒకరిద్దరు పిలిచారు గానీ వెళ్లబుద్ధి కాలేదు. గొంతు పరీక్షలు చేసే ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, "మేడమ్, గొంతు వినగానే లోపల ఏముందో మీకెలా తెలిసేది?" అని అడుగుతుంటారు. తెలిసేది కాదు. ఎలా తెలుసుకున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటే ఒక మాట. నేను ఈ పని చదువుకుని రాలేదు. వచ్చినవాళ్ల పేర్లు రాసి చీటీలివ్వడానికి చేరాను. వినికిడి పరీక్ష యంత్రం దగ్గర కూర్చునే అతను మానేస్తే, లెక్కలు బాగా వచ్చని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతాదంతా డాక్టరు గారి పుస్తకాల బీరువా, ఒక స్టాప్‌వాచ్, ఒక పాత క్యాసెట్ రికార్డరు నేర్పాయి. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కాలేజీలో ఏడాదికి అబ్బేది నాకు ఆరేళ్లు పట్టింది. మీకు కోర్సులున్నాయి, చదివి రండి. కోర్సులో దొరకనివి కొన్ని ఉంటాయి, వాటి సంగతే ఇక్కడ చెబుతాను.

గుమ్మంలో కాపలా

స్వరపేటిక మాట కోసమే పుట్టిందని అందరూ అనుకుంటారు. దాని అసలు ఉద్యోగం కాపలా. తినే అన్నం, పీల్చే గాలి గొంతు దాకా ఒకే దారిన వస్తాయి. అక్కడ దారి చీలుతుంది. వెనక ఆహారనాళం, ముందు శ్వాసనాళం. ఆ శ్వాసనాళం గుమ్మంలో కూర్చున్నదే స్వరపేటిక. గుటక వేసిన ప్రతిసారీ అది పైకి లేస్తుంది, ఆకులాంటి మూత ఒకటి దాని మీదికి వాలుతుంది, లోపలి తలుపులు మూసుకుంటాయి. ఒక్క మెతుకు దారి తప్పితే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం. తలుచుకున్నది ఎవరైనా, ప్రాణం నిలబెట్టింది ఆ కాపలాదారే.

గొంతు మీద వేలు పెట్టి ఒకసారి మింగి చూడండి. గట్టిగా ఒకటి పైకి లేచి దిగుతుంది. అది మృదులాస్థితో చేసిన డాలు. చెవి డొప్పలో ఉండేదానిలాంటిదే, ఇంకాస్త గట్టిది. మగవాళ్లలో బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. దాని కింద ఉంగరంలా ఇంకొకటి. ఆ ఉంగరం వెనక అంచు మీద, తలుపు బందుల్లా రెండు చిన్న మృదులాస్థులు. ఆ బందుల నుంచి ముందున్న డాలు దాకా సాగి ఉండే రెండు మడతలే స్వరతంత్రులు. తంత్రులని పేరే గానీ వీణ తీగల్లా ఉండవు. తడిగా, ముత్యపు రంగులో, రెండు పలచని పెదవుల్లా ఉంటాయి. ఊపిరి పీల్చేటప్పుడు విడిపోతాయి. మాట్లాడేటప్పుడు దగ్గరకొస్తాయి, కింది నుంచి గాలి తోస్తే అదురుతాయి. మగవాళ్లలో సెకనుకు సుమారు నూటపాతిక సార్లు, ఆడవాళ్లలో రెండు వందల సార్లు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పెన్సిలు తీసి గుణించాను. సెకనుకు రెండు వందలంటే నిమిషానికి పన్నెండు వేలు. ముప్పావు గంట పాఠంలో ఒక టీచరమ్మ సగం సేపే గొంతు వాడిందనుకున్నా, ఆ మడతలు రెండూ రెండు లక్షల డెబ్బై వేల సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అన్నిసార్లు చప్పట్లు కొడితే అరచేతులు ఏమవుతాయో ఊహించండి. గొంతు అంత పని చేసీ సాయంత్రానికి మళ్లీ మామూలవుతుంది. ఎందుకు పాడవుతుందని కాదు, ఇంతకాలం ఎందుకు పాడవలేదని ఆశ్చర్యపోవాలి.

పాడయ్యే తీరులు పుస్తకంలో చాలా ఉంటాయి గానీ మా గదిలోకి ఎక్కువగా వచ్చినవి నాలుగైదే. జలుబు చేసి తంత్రులు వాచడం, ఇది దానంతటదే పోతుంది. అరిచి అరిచి, పార పట్టినవాడి అరచేతిలా రెండు తంత్రుల మీదా జంటగా కాయలు కాయడం. ఒక్కవైపే బొడిపె రావడం. కడుపులో పులుపు రాత్రిళ్లు పైకి ఎగదన్ని గొంతు మండించడం. మెడలో ఆపరేషన్ అయ్యాకో, నరం దెబ్బతిన్నాకో ఒక తంత్రి కదలకుండా పడి ఉండటం. ఇక అందరూ భయపడేది, క్యాన్సరు. బొంగురు ఒక్కటే, దాని వెనక కారణాలు ఇన్ని. చెవితో విని ఏదో తేల్చేయగలనని ఎవరైనా అంటే నమ్మకండి.

పాము, తేనెటీగ

నా దగ్గరికి వచ్చినవాళ్ల చేత రెండు పనులు చేయించేదాన్ని. పాము బుసకొట్టినట్టు 'స్‌స్‌స్' అని ఒక్క ఊపిరిలో ఎంతసేపు లాగగలరో చూసేదాన్ని. దీనికి తంత్రులతో పనిలేదు, ఊపిరితిత్తులు చాలు. తరువాత తేనెటీగ రొద చేసినట్టు 'జ్‌జ్‌జ్' అనిపించేదాన్ని. దీనికి ఊపిరితోపాటు తంత్రులు కూడా కలిసి అదరాలి. బాగున్న గొంతులో రెండు కాలాలూ ఇంచుమించు సమానం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒకటికి దగ్గరగా వస్తుంది. ఒకటిన్నరకు చేరిందంటే తంత్రుల నడుమ ఎక్కడో సందుంది, గాలి వృథాగా పోతోంది అని. ఇది నేను కనిపెట్టింది కాదు, ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే. పెద్దపెద్ద మనుషులు గదిలో కూర్చుని బుసకొడుతుంటే బయట వరుసలో ఉన్నవాళ్లు నవ్వేవారు. వాళ్ల వంతు వచ్చేదాకానే.

అంకె రోగం పేరు చెప్పదు. చూడాలని మాత్రం చెబుతుంది. చూసేది డాక్టరు. మా డాక్టరు నరహరి గారు చిన్న గుండ్రటి అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టి, రోగి నాలుకను గుడ్డతో పట్టుకుని, 'ఈ' అనమని ఆ అద్దంలో తంత్రుల్ని చూసేవారు. తరువాతి రోజుల్లో ముక్కులోంచి పంపే సన్నని గొట్టం, దానికో టీవీ వచ్చాయి. ఏది వచ్చినా ఆయన పద్ధతి ఒకటే. చూశాక ఏమీ మాట్లాడకుండా చేతులు కడుక్కుని, వచ్చి కూర్చుని, అప్పుడు చెప్పేవారు. 'ఏం లేదు పో' అనే మాట ఆ గదిలో నేను ఎన్నడూ వినలేదు.

"ఏం లేదంటే ఊకుంటరా? ఇంకో దవాఖానాకు పోతరు," అనేవారు నాతో. "ఏముందో చెప్పాలె, ఏం లేదో సుత చెప్పాలె. అప్పుడే ఇంటికి పోయి నిద్రపోతరు."

మూడు వారాలు

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి ఒకాయన వచ్చాడు. బొంగురు మొదలై ఏడు నెలలు. బీడీల మీద బీడీలు. అన్నాళ్లూ చప్పరించే బిళ్లలతో, మిరియాల కషాయంతో గడిపాడు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగాను.

"మా ఫోర్‌మన్ నోటి ముంగట నా గొంతు ఎవరికి గావాలె మేడమ్," అన్నాడు. "నాకు మాట్లాడే వంతే రాదు. గందుకే అంత పరేషాన్ కాలె."

డాక్టరు గారు చూసేసరికి ఒక తంత్రి కదలడం మానేసింది. పెద్దాసుపత్రిలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడలో చేసిన రంధ్రంలోంచి ఊపిరి. మాట పోయింది, మనిషి మిగిలాడు. ఆ తరువాత ఏటా పరీక్షకు వచ్చి, వెళ్తూ మా ఇద్దరికీ నమస్కారం పెట్టి పోయేవాడు. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు మనసు తేలికపడేది, కొంచెం కలుక్కుమనేది కూడా. తొలి నెలలో వచ్చి ఉంటే బహుశా గొంతూ మిగిలేది. తంత్రి మీద పుట్టే క్యాన్సరులో ఉన్న ఒకే మంచి గుణం, అది తొందరగా బొంగురు రూపంలో చెప్పేస్తుంది. వినడం మన చేతిలో ఉంది. బొంగురు మూడు వారాలు దాటితే లోపల చూడాల్సిందే. బీడీ సిగరెట్లు తాగేవాళ్లయితే ఒక్క రోజు కూడా వాయిదా వద్దు.

ఈయన గురించి ముందే ఎందుకు చెప్పానంటే, తరువాత చెప్పబోయేదాంట్లో ఆగడమా, కోయడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మా ఇద్దరి కళ్లముందూ ఉన్నది ఈయనే.

బేగంపేట నుంచి వచ్చిన గొంతులు

ఊరికి అవతలి చివర అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. బేగంపేటలో కూడా ఒక్కో భవనంలో రెండేసి కాల్ సెంటర్లు. అప్పటిదాకా మా వరుసలో టీచర్లు, కూరగాయలమ్మేవాళ్లు, బస్ కండక్టర్లు ఉండేవారు. ఇప్పుడు మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు రావడం మొదలైంది. గొంతులో ఏదో ఉండలా అడ్డం పడిందనేవాళ్లు చాలామంది. తెల్లవారి ఇంటికి చేరి, బిర్యానీ తిని, వెంటనే పడుకుంటే కడుపులో పులుపు పైకి రాకేం చేస్తుంది. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు పెట్టమని చెప్పడమే సగం వైద్యం.

ఎస్తేరు రాణి గారు వాళ్లలా ఫోనులు ఎత్తే మనిషి కాదు. నలభైకి కాస్త ఇటు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. బడిలో పదమూడేళ్లు ఇంగ్లీషు చెప్పారు. మంచి ఇంగ్లీషు వచ్చిన టీచర్లను కంపెనీలు వెతికి పట్టుకున్న కాలం కదా, ఆవిడనూ బేగంపేటలో ఒక కంపెనీ తీసుకుంది. కొత్తగా చేరిన పిల్లలకు, ఫోను అవతలి దేశం వాళ్లకు అర్థమయ్యేలా పలకడం నేర్పాలి. ఏసీ గదిలో రోజుకు ఆరు గంటలు నిలబడి మాట్లాడటం. చేరిన నాలుగో నెలలో గొంతు బొంగురుపోయింది. నెల దాటినా తగ్గక, అత్తగారు మరియమ్మ గారిని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

భాగిస్తే ఒకటి పాయింటు ఆరు వచ్చింది. డాక్టరు గారు చూశారు, చేతులు కడుక్కున్నారు, కూర్చున్నారు.

"కుడి తంత్రి మీద ఒక బొడిపె ఉన్నదమ్మా. బియ్యపు గింజల సగముంటది. అరిస్తే వచ్చే కాయలైతే రెండు దిక్కులా వస్తయి. ఇది ఒక్క దిక్కే ఉన్నది. చూడనీకి మామూలు బొడిపె లెక్కనే ఉన్నది, మీకు పొగ అలవాటు సుత లేదు. ముందుగాల గొంతుకు సెలవిద్దాం. రెండు వారాలు ఒక్క మాట మాట్లాడొద్దు. తగ్గితే మంచిది. తగ్గకుంటే మత్తిచ్చి తీసి పరీక్షకు పంపాలె."

"తీస్తే గొంతు మునుపటిలా వస్తుందా డాక్టర్ గారూ?" ఆవిడ గొంతు గరుకుకాగితంలా ఉంది.

"రావాలనే తీస్త. వస్తదని రాసియ్యమంటే ఇయ్యలేను. తంత్రి మీద గీత పడితే కొందరికి బొంగురు ఉండిపోతది."

గొంతే ఆవిడ ఉద్యోగం. అది ఏమవుతుందో రెండు వారాల్లో తేలాలి.

పలక

మరియమ్మ గారు దారిలోనే ఒక పలక, బలపాలు కొన్నారట. మధ్యలో ఒకసారి పరీక్షకు వచ్చినప్పుడు కోడలి పలక అత్తగారి సంచిలోంచి బయటికి వచ్చింది.

"ఎలా ఉన్నారండీ?" అని అడిగాను.

ఎస్తేరు రాణి గారు అందమైన అక్షరాలతో, కామాలు పెట్టి మరీ రాశారు. మరియమ్మ గారు నిట్టూర్చారు.

"చూశావా తల్లీ, ఇదీ మా ఇంటి వరస. ఉప్పు ఎంత వేయాలే అని అడుగుతానా, తను రాస్తుంది. నేను కళ్లద్దాలు వెతుక్కుంటాను. దొరికి చదివేసరికి కూర మాడిపోతుంది."

కోడలు పలక తుడిచి మళ్లీ రాసి నాకు చూపించారు. 'మాడింది అందుకు కాదు. సీరియల్ వల్ల.'

అంత నియమంగా ఉన్నారు, అంత సరదాగా ఉన్నారు. రెండు వారాలు గడిచి వచ్చేసరికి తగ్గి ఉంటుందనే నేను అనుకున్నాను. ఒకటి పాయింటు ఎనిమిది వచ్చింది. తప్పు చేశానేమోనని మళ్లీ చేయించాను. అంతే వచ్చింది. టీవీ తెరమీద బొడిపె అలాగే ఉంది. చుట్టూ ఎరుపు పెరిగింది.

"మాట్లాడినవా అమ్మా? నిజం చెప్పు, ఏమనను," అన్నారు డాక్టరు గారు.

'ఒక్క మాట కూడా లేదు' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. పక్కన మరియమ్మ గారు తలూపారు. డాక్టరు గారు గురువారానికి ఆపరేషన్ పెట్టారు.

అడగని ప్రశ్న

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. సెలవు తీసుకున్న గొంతు అలా ఎర్రబడదు. ఈ రెండూ నిజమైతే మేము అడగని ప్రశ్న ఏదో ఉండాలి. దగ్గు వస్తోందా, పదేపదే గొంతు సవరించుకుంటున్నారా, ఫోనులో గానీ మాట్లాడారా అని అడిగాను. అన్నిటికీ అడ్డంగా తల ఊపారు. ఆపరేషన్‌కు ముందు చేసే రక్త పరీక్ష కోసం ఆవిడను లోపలికి తీసుకెళ్లారు. బెంచీ మీద నేను, మరియమ్మ గారు మిగిలాం.

"భయపడుతున్నారా అండీ?" అన్నాను.

"భయపడక? మొహం మీద నవ్వు పులుముకుంటుంది గానీ నిద్రే లేదు. నేను లేచేసరికే మోకాళ్ల మీద ఉంటోంది."

"అంత పొద్దున్నే లేచి ఏం చేస్తారు?"

"ప్రార్థనమ్మా, ఇంకేముంది. మామూలుగా ఓ పావుగంట చేసుకునేది. ఈ గొంతు సంగతి తెలిసినప్పట్నుంచి గంట దాటుతోంది. సాయంత్రం మళ్లీ. శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనకు వెళ్తే మధ్యాహ్నం దాకా లేవదు."

"మనసులోనేనా?"

"మనసులో ఎందుకు, నోటితోనే. గొంతుకు సెలవిచ్చారుగా, గట్టిగా కాదులే. గుసగుసగా. పాపం, ఆత్రం కొద్దీ ఆ గుసగుస పక్కగదిలోకి వినిపిస్తుంది."

"మరి మాట్లాడలేదని రాశారు కదండీ."

ఆవిడ నన్ను వింతగా చూశారు. "మాట్లాడలేదు తల్లీ. ప్రార్థన మాట్లాడటం ఎలా అవుతుంది? మనుషులతో అంటే మాట. అది దేవుడితో."

అప్పుడు అర్థమైంది. గుసగుసలో స్వరం రాదు కాబట్టి గొంతుకు పని లేదనుకుంటాం. మెల్లగా ఒకటి రెండు మాటలైతే పరవాలేదు. వినపడాలన్న ఆత్రంతో గంటసేపు చేసే గుసగుస వేరు. తంత్రుల చుట్టూ ఉన్న కండరాలన్నీ బిగుసుకుంటాయి, సందులోంచి గాలి రాసుకుంటూ పోయి తడి ఆరబెట్టేస్తుంది. వాచిన గొంతుకు అది కూలిపనే. గొంతు తగ్గడం లేదన్న భయంతో ఎక్కువ ప్రార్థన, ఆ ప్రార్థనతో గొంతుకు ఇంకాస్త వాపు, ఆ వాపుతో ఇంకా భయం. ఆ ఇంట్లో ఎవరూ తప్పు చేయలేదు. చెప్పిన నియమాన్ని అక్షరాలా పాటించారు. మా నియమంలోనే సందు ఉంది.

మోతాదు

డాక్టరు గారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు తట్టాల్సి ఉండె ఇది," అన్నారు. "మా అమ్మ సోమవారం సోమవారం మౌనవ్రతం పట్టేది. పొద్దంతా ఎవరితోని మాట్లాడకపోతుండె. కానీ పూజల సహస్రనామం మొత్తం చదువుతుండె. చిన్నప్పుడు మేం నవ్వేటోళ్లం."

"ఆగుదామా సార్?"

లాలాగూడ ఆయన సంగతి ఇద్దరం పైకి అనలేదు. ఒక్కవైపే ఉన్న బొడిపె. మా లెక్క తప్పయితే, మేము మంచితనంతో ఇచ్చిన రోజుల్లో అది లోపల పెరుగుతుంది. లెక్క ఒప్పయితే, ఆపకపోవడం వల్ల అవసరం లేని కత్తి ఒక టీచరమ్మ గొంతు మీద పడుతుంది.

"ఆగుదాం," అన్నారు చివరికి. "ఆగుడు సుత మందే అమ్మా. దానికీ మోతాదుంటది. ఇంకో రెండు వారాలు. అంతకు ఒక్కరోజు ఎక్కువ కాదు. అప్పటికి సుత తగ్గకుంటే, నీ పాము, నీ తేనెటీగ ఏం జెప్పినా సరే, నేను తీస్త."

ఇరవై మూడేళ్లలో ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో ఈ మాటను మొదట పెడతాను. ఆగమని చెప్పే ధైర్యం చాలామందికి ఉంటుంది. ఎప్పటిదాకానో చెప్పి, ఆ రోజున మాట మీద నిలబడే డాక్టర్లు తక్కువ.

కష్టం ఆవిడకు చెప్పడంలో వచ్చింది. విషయం విని ఎస్తేరు రాణి గారు పలక ఒకసారి తుడిచారు. తరువాత, 'ప్రార్థన మానేయమంటున్నారా?' అని రాశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మానుమంటలేనమ్మా. గొంతు మాత్రమే వాడకు అంటున్న."

'నోటితో పలకకపోతే సగమే చేసినట్టుంటుంది.'

దీనికి నా దగ్గరా, డాక్టరు గారి దగ్గరా మందు లేదు. మరియమ్మ గారు కళ్లద్దాలు పెట్టుకుని పలక చదివి, తీసి, కోడలి చేతిలోంచి బలపం లాక్కున్నారు.

"నా నోరు బాగానే ఉందిగా. నువ్వు పక్కన మోకాళ్లూను. నీ బదులు నేను పలుకుతాను, నువ్వు లోపల అనుకో. ఆమేన్ కూడా నేనే అంటాను. అక్కడ ఎవరి నోటితో వచ్చిందని చూడరు."

"గట్లైతే మంచిదే," అన్నారు డాక్టరు గారు. "కానీ పెద్దమ్మా, మీ గొంతు జెర పైలం. రేపు మీరు బొంగురువడి వస్తే మీ బదులు ఎవరు పలకాలె?"

ఆ రోజు నుంచి నేను అడిగే తీరు మార్చుకున్నాను. మాట్లాడారా అని అడగడం మానేశాను. లేచింది మొదలు పడుకునేదాకా పెదవులు ఎప్పుడెప్పుడు కదులుతాయో చెప్పమంటాను. ఎన్ని బయటపడ్డాయో. జపాలు, పసిపిల్లల జోలపాటలు, కుక్కతో కబుర్లు, వంట చేస్తూ కూనిరాగాలు, పరీక్షకు చదివే పిల్లలతో కలిసి ఎక్కాలు. ఇవేవీ ఎవరి లెక్కలోనూ మాటలు కావు. మీరూ అలాగే అడగండి. అడిగేటప్పుడు మొహంలో నవ్వు గానీ, విసుగు గానీ రానివ్వకండి. వాళ్లు దాచలేదు, మీరే అడగలేదు.

తెర మీద

ఆ రెండు వారాలు నాకు కుదురు లేదు. లెక్క చేసినవాళ్లకు ఉండే బాధ ఇది. ఒప్పవుతుందో లేదో తెలియాలంటే జవాబు దాకా ఆగాలి.

గడువు రోజున అత్తాకోడళ్లు పొద్దున్నే వచ్చారు. పలక ఉంది గానీ దానిమీద ఏమీ రాసి లేదు. బుసకొట్టించాను. తేనెటీగ రొద చేయించాను. భాగించాను. ఒకటి పాయింటు రెండు. నా మొహంలో ఏం కనపడిందో, మరియమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"చెప్పమ్మా, ఏమొచ్చింది?"

"డాక్టరు గారు చూడాలండీ," అన్నాను. అంకె మంచిదైనా నేను చెప్పకూడదు. ఈ నియమం మీరూ తప్పకండి.

సన్నని గొట్టం లోపలికి వెళ్లింది. తెరమీద రెండు తంత్రులు కనిపించాయి. ఎరుపు పోయి ముత్యపు రంగు తిరిగి వచ్చింది. బొడిపె ఉన్నచోట చిన్న మిట్టలాంటిది మిగిలింది, అంతే. డాక్టరు గారు గొట్టం తీసి, లేచి వెళ్లి చేతులు కడుక్కున్నారు. ఆ నీళ్ల చప్పుడు అంతసేపు ఎన్నడూ వినలేదనిపించింది. వచ్చి కూర్చున్నారు.

"మూడొంతులు పోయింది. మిగిలింది సుత పోతది. చెడ్డది గాదు, చెడ్డదైతే నువ్వు మౌనంగా ఉన్నవని ఇంత తగ్గది. కత్తి అవసరం లేదు. నెలకొకసారి వచ్చి చూపించుకోవాలె, అది మాత్రం తప్పొద్దు. కంపెనీల మైకు పెట్టించుకో, గంటకోసారి నీళ్లు తాగు. ఇగ మాట్లాడమ్మా. మెల్లగా."

నాలుగు వారాల తరువాత మొదటి మాట. ఎస్తేరు రాణి గారు నోరు తెరిచి, మూసి, అత్తగారి వైపు తిరిగారు. మరియమ్మ గారు అప్పటికే పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు.

"అత్తయ్యా," అన్నారు. కొంచెం సన్నగా ఉంది. గరుకు లేదు.

"చెప్పు తల్లీ."

"ఈ రెండు వారాలూ నా బదులు మీరు చేసినవన్నీ విన్నాను."

"విన్నావు మరి. పక్కనే ఉంటివి కదా."

"నా గొంతు బాగుచేయమన్నారు. బాగైంది. ఆ వెంటనే రోజూ ఇంకోటి కలిపారు. దీని మనసు మార్చి, ఆ బేగంపేట ఉద్యోగం మాన్పించి, మళ్లీ బడికి పంపు తండ్రీ అని. నాకు నోరు లేదు కాబట్టి ఊరుకున్నాను. మొదటిది జరిగేసరికి రెండోది కూడా జరుగుతుందేమోనని భయంగా ఉంది. అది వెనక్కి తీసుకోండి."

డాక్టరు గారు లేచి వెళ్లి, కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

మరియమ్మ గారు ఏమాత్రం తడబడలేదు. పైట సర్దుకుని, పలకను సంచిలో పెట్టుకుని లేచారు.

"అడిగేసింది వెనక్కెలా తీసుకుంటారే, పద్ధతి కాదు. నీకు అంతగా కావాలంటే రేపు పొద్దున లేచి నువ్వే అడుక్కో," అని గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "మనసులోనే."